తుస్ అన్నందుకు ఎర్ర చీటీ

నా తుపాకి నిప్పందుకోవడంలో ఆలస్యం చేస్తోందని మా క్లబ్బుకు మొదటి ఉత్తరం రాసింది వసంతకాలంలో. మంచు కరిగి, మేం గురి చూసి కాల్చే రేంజ్‌లో బురద మీద చెక్కపలకలు పరిచి ఉన్న రోజులవి. చదివామని గాని, చదవలేదని గాని ఎవరూ చెప్పలేదు. రెండోది ఎండాకాలంలో రాశాను. కొన్నాళ్లకు అది క్లబ్బుహౌస్ బల్ల మీద, కాఫీ కప్పు అడుగు అచ్చుతో, మడత విప్పకుండా నాకే కనబడింది. మూడోది దసరా వెళ్లాక, ఎర్ర చీటీ పడ్డాక రాశాను. దానికీ జవాబు లేదు. ఇన్నాళ్లూ ఇంగ్లీషులో మర్యాదగా రాసి చూశాను. ఈసారి తెలుగులో రాస్తున్నాను. మర్యాద తగ్గదు గాని, చెప్పకుండా మిగిలేదేమీ ఉండదు.

నేనుండేది మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో. కార్ల ఇంజిన్లలో నిప్పురవ్వ ఏ క్షణాన పుట్టాలో తేల్చే ఉద్యోగం నాది. సెకనులో వెయ్యోవంతు అటూ ఇటూ అయితే మీటింగు పెట్టి మాట్లాడుకునే మనుషులం. అలాంటివాడి తుపాకి, మీట నొక్కాక అరసెకను ఆలోచించుకుని అప్పుడు పేలేది. ఇది నాకు ఎంత తలవంపులో ఆ క్లబ్బులో ఎవరికీ పట్టలేదు.

ఆ తుపాకి ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. పాతకాలపు నమూనాను చూసి ఈమధ్య చేసిన నకలు అది. తూటాలుండవు. గొట్టం మూతిలోంచి తుపాకిమందు పోసి, గుడ్డముక్క చుట్టిన సీసపు గుండును కడ్డీతో అడుగుదాకా దించాలి. వెనకవైపు ఇనప బుడిపె ఒకటి ఉంటుంది, నడిమధ్య సూది దూరేంత రంధ్రంతో. దాని నెత్తిన చిన్న రాగి టోపీ పెడతాం. దీపావళికి పిల్లలు కాల్చే రీలు లాంటిదే ఆ టోపీ కూడా. పైనుంచి సుత్తి పడగానే అది టప్‌మంటుంది. ఆ మంట రంధ్రంలోకి దిగి, ఒక మలుపు తిరిగి, లోపలి మందుకు అంటుకుంటుంది. ఇదంతా ఒకే చప్పుడుగా వినబడాలి. నాది రెండుగా వినబడేది. టప్. నేను ఒకసారి ఊపిరి పీల్చుకున్నాక, ఢాం.

బుడిపె అనే మాట నేను పెట్టిందే. దాని ఇంగ్లీషు పేరు ఒక శరీరభాగం పేరు. క్లబ్బులో మనవలున్న పెద్దమనుషులు దాన్ని ఈ బల్ల నుంచి ఆ బల్లకు కేకేసి అడిగి తీసుకుంటారు గాని, మన ఇళ్లలో వ్రతానికి వచ్చినవాళ్ల ముందు అనే మాట కాదు. దాన్ని విప్పే స్పానరు పార్సిల్లో వచ్చిన రోజున డబ్బా మీద పేరు మా ఆవిడ చదివింది.

“ఏమండీ, ఇది మీరు ఆర్డర్ చేసిందేనా?”

“నాదే. తుపాకి స్పానరు.”

“తుపాకిలో దేనికి?”

“బుడిపెకి.”

“డబ్బా మీద బుడిపె అని లేదే.”

“వాళ్లకి బుడిపె అనే మాట తెలియదు.”

“అవునా. మీకు మాత్రం వాళ్ల మాట బాగా తెలిసినట్టుంది,” అని డబ్బాను, పేరు గోడవైపు తిప్పి, గరాజ్‌లో పెట్టింది. అప్పటినుంచి మా ఇంట్లో అది బుడిపె.

దసరాకు మేము ఆయుధపూజ చేస్తాం. ఇన్నేళ్లూ మా ఆయుధాలంటే రెండు కార్లు, లాప్‌టాప్‌లు, మిక్సీ, మంచు తోసే మెషిను. అన్నిటికీ పసుపు, కుంకుమ. ఆ పండగ పేరుకు తగ్గ వస్తువంటూ మా ఇంట్లో ఉన్నది ఈ ఒక్క ఏడే. తెచ్చి, ఎర్రగుడ్డ మీద మిక్సీ పక్కన పడుకోబెట్టాను.

“బొట్టు ఎక్కడ పెట్టను?” అంది మా ఆవిడ.

“కొయ్య మీద వద్దు, మరక పోదు. ఇనుము మీద పెట్టు.”

“ఇనుము మీద అంటే?”

“ఎక్కడైనా పెట్టు.”

నుదురులాంటి చోటు కోసం ఆవిడ కాసేపు వెతికింది. పైకి తేలి కనిపించేది బుడిపె ఒక్కటే. తడి పసుపు వేలికొనతో తీసి దాని నెత్తిన నొక్కి పెట్టింది. దాని మీద కుంకుమ. చాలా బాగా వచ్చింది. నేనే ఫొటో తీశాను. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది, ఎవరికీ చూపించలేదు.

ఆ తర్వాతి శనివారం రేంజ్‌కి బయల్దేరే ముందు బొట్టును తడిగుడ్డతో తుడిచాను. పైన కనిపించేదంతా పోయింది. నాతోపాటు మా ఆఫీసు మిత్రుడొకడు వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి. కాల్చడం రాదు, చూడ్డానికి వస్తానన్నాడు. నేను బల్ల మీద మందుసీసా, గుళ్లు, గుడ్డముక్కలు, కడ్డీ పేర్చుకుంటుంటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అన్నా, మస్తు సామాను పెట్టినవ్. ఇది నాటు తుపాకే గదా?”

“నాటు తుపాకి కాదు. రెప్లికా.”

“మా దిక్కు అడవిపందుల్ని కొట్టేటోళ్ల తాన ఇసొంటిదే ఉంటది. దాన్ని రెప్లికా అంటరని వాళ్లకు ఎర్కలేదు.”

ఈ మాట నేను మరిచిపోలేదు. సమయం వచ్చినప్పుడు వాడి సంగతి చూస్తాను. ప్రస్తుతం రేంజ్ ఆఫీసర్ సంగతి.

ఎవరు ఎప్పుడు కాల్చాలో, ఎవరు కాల్చకూడదో రేంజ్‌లో చెప్పే మనిషిని రేంజ్ ఆఫీసర్ అంటారు. మా క్లబ్బు రేంజ్ ఆఫీసర్ ఒకప్పుడు కార్ల ఫ్యాక్టరీలకు ఉక్కు అచ్చులు చెక్కిన పెద్దమనిషి. చెవి వెనక ఎప్పుడూ పెన్సిలు. వాక్యానికి మూడు మాటలకు మించి వాడడు. పేలకపోతే ఏం చేయాలో ఆయన దగ్గర ఒకటే నిబంధన. మిస్‌ఫైర్ అని గట్టిగా అరవాలి, తుపాకి మూతిని గురివైపే ఉంచాలి, నిమిషం పాటు కదలకూడదు. లోపల మందు నెమ్మదిగా రాజుకుంటూ ఉండవచ్చు గనక అది మంచి నిబంధనే. నాకు తెలుసు. రెండో ఉత్తరంలో దాన్ని మెచ్చుకున్నాను కూడా.

మందు పోశాను, గుండు దించాను, టోపీ పెట్టాను, నొక్కాను. టప్‌మంది. ఇంకేమీ లేదు. ఊపిరి పీల్చుకున్నాను, వదిలాను. ఏమీ లేదు.

“తుస్,” అన్నాను.

మిస్‌ఫైర్ అనేది ఆలోచించుకుంటే వచ్చే మాట. తుస్ ఆలోచించకుండా వచ్చేది. పేలని టపాకాయకు చిన్నప్పటినుంచి మనకున్నది ఆ ఒక్క మాటే. తుపాకి మూతిని గురివైపే ఉంచాను, నిమిషం కదల్లేదు. ఆ రెండూ ఎవరూ రాసుకోలేదు. రేంజ్ ఆఫీసర్ నా వెనక్కు వచ్చి నిలబడ్డాడు.

“దస్... వాట్?” అన్నాడు.

ఇంగ్లీషులో ఆ శబ్దానికి దగ్గర్లో ఒక మాట ఉంది, ‘అందువల్ల’ అని దానర్థం. అందువల్ల అని ఆపేస్తే ఎదుటివాడు మిగతా వాక్యం కోసం చూస్తాడు. ఆయన చూశాడు.

“తుస్. జస్ట్ తుస్,” అన్నాను, చెయ్యి ఊపుతూ.

“దస్ వాట్?”

వెనక మా మిత్రుడు గోడకు ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. టోపీ మార్చి మళ్లీ నొక్కాను. టప్. నేనేమీ అనకూడదనుకున్నాను గాని వాడు అన్నాడు, “తుస్.” మూడోసారి ఇద్దరం ఒకేసారి అన్నాం. రేంజ్ ఆఫీసర్ ఇక మిగతా వాక్యం మీద ఆశ వదులుకుని, నన్ను పక్కకు జరగమన్నాడు.

నిమిషం ఆగి, నా స్పానరుతోనే బుడిపె విప్పాడు. వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. రంధ్రం లేదు. రంధ్రం ఉండాల్సిన చోట పసుప్పచ్చగా, గట్టిగా, సుద్దముక్కలాంటిది బిగుసుకుని ఉంది. చూడగానే నాకు అర్థమైంది. నాకంటే ముందు మా మిత్రుడికి అర్థమైంది.

“ఏమిటిది? మస్టర్డా?” అన్నాడాయన. హాట్ డాగ్ మీద పిండుకునే మస్టర్డ్ అని ఆయన ఉద్దేశం.

“అన్నా, గది పసుపు,” అన్నాడు మిత్రుడు.

“నోరు ముయ్.”

“ఏమంటున్నాడు?” అన్నాడాయన.

“ఏం లేదు. వాడికి ఆకలేస్తోందట.”

ఆ క్షణాన అంతకంటే మంచి అబద్ధం తోచలేదు. అంతకంటే చెడ్డది కూడా లేదని వెంటనే తెలిసింది. కాల్చే చోట చేతులకు సీసం అంటుకుంటుంది గనక అక్కడ తినడం పెద్ద తప్పు. ఆయన ఒకసారి నావైపు, ఒకసారి మా మిత్రుడి పొట్టవైపు చూశాడు. పుల్లతో బుడిపె పొడిచి శుభ్రం చేసి, దాని కింద నాలుగు పలుకులు మందు వేసి, మళ్లీ బిగించి తనే నొక్కాడు. అప్పుడు మాత్రం పేలింది, ఒకే చప్పుడుగా, ఆయన చేతిలో. ఆ తర్వాత చెవి వెనక పెన్సిలు తీసి రిజిస్టరులో రాశాడు. తలకిందులుగా ఉన్నా చదివాను. ‘పేలలేదు, మూడుసార్లు. చెప్పలేదు. దస్ అన్నాడు. మస్టర్డ్.’

రాశాక, మీట చుట్టూ ఉండే ఇనప కమ్మీకి ఎర్ర చీటీ కట్టాడు. కారణం తేలి, కాగితం మీద పడేదాకా ఆ తుపాకి కాల్పుల వరసలోకి రాకూడదని దానర్థం. ఫిబ్రవరిలో మంచులో మా క్లబ్బు పోటీ జరుగుతుంది, ఏడాదికి ఒక్కటే. కిందటి ఫిబ్రవరిలో, కొత్తగా కొన్న తుపాకి ఆలస్యం చేస్తోందని నేనే సిగ్గుపడి తప్పుకున్నాను. వచ్చేసారైనా నిలబడాలని వసంతం నుంచి ఉత్తరాలు రాస్తున్నాను. చీటీ ఊడకపోతే మళ్లీ కంచె అవతల నిలబడి కాఫీ తాగాల్సిందే.

మర్నాడు గరాజ్‌లో బల్ల పరుచుకున్నాను. కడ్డీని గొట్టంలోకి దించి, అడుగు తగిలిందో లేదో చూసి, లోపల ఏమీ లేదని తేల్చుకున్నాక బుడిపె విప్పాను. మరలు తిరిగే చోట ఇంకా పసుపు ఉంది. వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో కడిగాను. తర్వాత దూదితో చుట్టిన సన్నటి తీగను, మంట వెళ్లే దారిలోకి పంపాను. మలుపు దగ్గర అది తట్టుకుంది. వెనక్కి లాగితే దూదిపోగులు లోపలే చిక్కుకుపోయాయి. మళ్లీ పంపాను. మళ్లీ అక్కడే. ఫోను లైటు వేసి భూతద్దంతో చూస్తే, ఫ్యాక్టరీలో రంధ్రం తొలిచినప్పుడు తెగకుండా మిగిలిన ఇనపపొర, దారికి అడ్డంగా రెప్పలా వేలాడుతోంది. మంట ప్రతిసారీ దాన్ని చుట్టి పోవాల్సి వచ్చేది. అదీ నా అరసెకను. మొదటి ఉత్తరంలో రెండో పేరాలో అక్షరాలా ఇదే అనుమానం రాశాను.

ఒక లోపం దొరికినందుకు అంత సంతోషపడ్డ రోజు నా జీవితంలో లేదు. మా ఆవిణ్ని పిలిచాను.

“చూశావా? పొర. నేను చెప్పానా లేదా?”

ఆవిడ భూతద్దంలోంచి చూసింది. తర్వాత బల్ల మీద పడి ఉన్న దూదితీగ ఎత్తి చూపించింది. కొస పచ్చగా ఉంది.

“మరి ఈ పసుపో?”

“అది వేరే కేసు.”

పొరను తీయడానికి డ్రిల్ ముక్కను మెషినుకు పెట్టకుండా వేళ్లతోనే తిప్పాను, మెషిను అయితే దారి పెద్దదైపోతుంది. సాయంత్రందాకా పట్టింది. పాత బుడిపె నెత్తి కూడా సుత్తి దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుని, టోపీని సరిగ్గా కూర్చోనివ్వడం లేదు. కొత్తది వేశాను. మా ఆవిడ హెయిర్ డ్రయర్‌తో తడి ఆరబెట్టాను. చివరికి, మందు లేకుండా ఉత్త టోపీ పెట్టి, గొట్టం మూతి ముందు నేల మీద ఎండిన మేపుల్ ఆకు ఒకటి ఉంచి నొక్కాను. దారి తెరుచుకుని ఉంటే ఆ గాలికి ఆకు కదలాలి. కదలడం కాదు, ఎగిరి కారు కింద పడింది.

ఆ పై శనివారం తుపాకిని తీసుకెళ్లి రేంజ్ ఆఫీసర్‌కు ఇచ్చాను. ఆయనా ఒక ఆకు తెచ్చి, ఉత్త టోపీతో నొక్కి చూశాడు. ఆకు ఎగిరింది.

“తుపాకి బాగుంది,” అన్నాడు.

“మరి చీటీ?”

“కారణం రాయి.”

ఫారంలో దానికి ఒక గీత ఉంది. ‘తయారీ లోపం. తోడు స్వల్పంగా సేంద్రియ పదార్థం’ అని రాశాను. మా ఆఫీసులో ఇలాంటి వాక్యాలు చాలా దూరం వెళ్తాయి. ఆయన చదివాడు.

“ఏ పదార్థం?”

“సేంద్రియం.”

“గడ్డి కూడా సేంద్రియమే.” అక్కడితో ఆగుతాడనుకున్నాను గాని, ఆరోజు మూడు మాటల లెక్క దాటాడు. “కందిరీగల మట్టి చూశాను. గడ్డకట్టిన గ్రీజు చూశాను. ఒకాయన నమిలిన పొగాకు చూశాను. అన్నీ రాసి ఉన్నాయి. ఇలాంటిది ఇంకొకడికి వస్తే, వాడు ఈ పుస్తకం తీసి చూస్తాడు.”

ఇంటికొచ్చి మూడో ఉత్తరం రాశాను. రెండు పేజీలు. పొర గురించి, బొమ్మతో సహా. దస్ అనే మాట కొట్టేయాలని. మస్టర్డ్ అనే మాట కొట్టేయాలని, నేను హాట్ డాగ్ తినననీ, తెచ్చుకున్న పులిహోర కూడా కార్లోనే తిన్నాననీ. పసుపు గురించి ఒక్క ముక్క రాయలేదు. రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. వసంతం నుంచి నేను మోస్తున్న పొర కేసు కాస్తా పక్కకుపోయి, తుపాకికి బొట్టు పెట్టుకుని వచ్చినవాడి కథ మిగులుతుంది. పొర నిజం. అది నా ఆలస్యానికి కారణం. ఆ శనివారం పేలకపోవడానికి కారణం పసుపు. రెండూ వేరని నాకు తెలిసినంత తేలిగ్గా వాళ్లకు తెలియదు.

దానికి జవాబు లేదన్నాను. నిజానికి నా ఉత్తరమే వెనక్కి వచ్చింది, అడుగున పెన్సిలుతో ఒక ముక్క రాసి. ‘ఆ పసుప్పచ్చది ఏమిటి?’ అది ప్రశ్న. ప్రశ్నను జవాబు కింద లెక్కవేసే అలవాటు నాకు లేదు.

ఆ ఉత్తరం ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద చాలా రోజులు ఉంది. మా ఆవిడ రోజూ పాలు తీస్తూ చదివేది.

“పసుపు అని రాసేయొచ్చు గదండీ.”

“రాస్తే నీ పేరు వస్తుంది.”

“రానీండి. పెట్టింది నేను. ఎక్కడైనా పెట్టమన్నది మీరు. రెండూ రాయండి.”

“నవ్వుతారు.”

“ఇప్పుడు ఏడుస్తున్నారా?”

నేను రాయలేదు. ఇంకా నెల ఆగేవాణ్నే. పోయిన వారం జరిగింది చూశాక ఆగలేకపోయాను.

చీటీ ఉన్న తుపాకిని ఇంట్లో పెట్టి, ఉత్త చేతులతో రేంజ్‌కి వెళ్లి కంచె పక్కన నిలబడ్డాను. వరసలో చివరి బల్ల దగ్గర తెల్లగడ్డం పెద్దాయన ఒకాయన నొక్కాడు. టప్‌మంది, పేలలేదు. మూతిని గురివైపే ఉంచి, స్పష్టంగా, తాపీగా అన్నాడు, “దస్.” పక్క బల్లవాళ్లు నవ్వారు. రేంజ్ ఆఫీసర్ చెయ్యెత్తి నిమిషం లెక్కపెట్టాడు. ఆయన పెదవి కూడా కదిలింది, నేను చూశాను. నిమిషం అయ్యాక ఆ పెద్దాయన ఇంకో టోపీ పెట్టి కాల్చుకున్నాడు. రిజిస్టరు తెరవలేదు. చీటీ కట్టలేదు. పక్కనున్నవాణ్ని అడిగితే, ఇప్పుడు అందరం అలాగే అంటున్నాం, మిస్‌ఫైర్ కంటే త్వరగా వస్తుంది, అన్నాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగాను. కాసేపు ఆలోచించి, ఎవరో అనేవాడు, అన్నాడు.

ఎవరో.

అందుకని ఆ ప్రశ్నకు ఇక్కడ జవాబిస్తున్నాను. ఆ పసుప్పచ్చది పసుపు. కూరలో వేసేదే. ఏడాదికొకసారి మేము పనిముట్లకు దణ్ణం పెట్టుకుంటాం. ఆరోజు మా ఆవిడ తడి పసుపుతో బుడిపెకు బొట్టు పెట్టింది, ఇనుము మీద ఎక్కడైనా పెట్టమని నేను చెబితే. తడి పసుపు సన్నటి రంధ్రంలో ఆరితే సుద్దలా బిగుసుకుంటుంది. పైపైన తుడిస్తే పోదు, బుడిపె విప్పి వేడినీళ్లతో కడగాలి. ఇంకొకడికి వస్తే చూసుకోవడానికి ఇంత చాలనుకుంటాను. ఫారంలో పొర ముందు రాసుకోండి, పసుపు తర్వాత. ఆలస్యం ముందునుంచీ ఉంది గనక ఆ వరస మార్చడానికి వీల్లేదు. మా మిత్రుడికి ఆరోజు ఆకలేయలేదు, అది నేను ఆడిన అబద్ధం. దాన్ని కూడా రాసుకోదలిస్తే రాసుకోండి.

ఇందులోని ప్రతి మాటా ఇంగ్లీషులోకి నేనే మార్చి, మడవకుండా, రేంజ్ ఆఫీసర్ చేతికే ఇస్తాను. బల్ల మీద పెట్టను. ఆఫీసరు గారూ, మీరు అడిగింది ఒక్కటే, దానికి జవాబొచ్చింది. నేను అడుగుతున్నవి రెండు. ఆ చీటీ విప్పుతారా, లేదా? మీరంతా వాడుకుంటున్న ఆ మాట నాదేనని రిజిస్టరులో, ‘దస్ అన్నాడు’ అన్న చోటి పక్కన రాస్తారా, లేదా? పెన్సిలు మీ చెవి వెనకే ఉంది. నేను అక్కడే నిలబడి ఉంటాను. జవాబు చెప్పండి.